కుల్ఫీ డబ్బాలో ఎలుక ప్రోటీన్

గోపమ్మ పొద్దున్నే కాలేజీకి వచ్చి చేసే మొదటి పని ఊడ్వడం కాదు. తాళం తీసి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ల్యాబు మూలనున్న డీప్ ఫ్రీజర్ దగ్గరికి వెళ్లేది. కొంగుతో చేయి తుడుచుకుని దాని మూత మీద అరచేయి ఆనించి నిలబడేది. లోపలి మోటారు కొట్టుకోవడం చేతికి తెలిసేదాకా చేయి తీసేది కాదు. తర్వాత మూత పక్కన మెరిసే అంకె చూసి, పాత క్యాలెండరు కాగితం వెనక తేదీ వేసి రాసేది. మైనస్ ఇరవై. మైనస్ ఇరవై ఒకటి. ఒక్కోరోజు మైనస్ పంతొమ్మిది. ఆ తర్వాతే చీపురు పట్టేది.

ఆ ఫార్మసీ కాలేజీ కోదాడ ఊరి చివర ఉంది. నేను అక్కడ ఆఫీసులో గుమస్తాను. నా కుర్చీలో కూర్చుంటే ల్యాబు తలుపు కనబడుతుంది. మొదట్లో నేనూ ఎగతాళి చేశాను.

"ఏందక్కా, దానికి జరం సూస్తున్నవా?"

"సూడాలె గద సార్. దానికి జరమొస్తె జెప్పుకోను నోరు లేదాయె."

ఆ మాటకు అందరం నవ్వాం. కానీ పదకొండేళ్లలో ఆ కాగితం మీద ఒక్క తేదీ తప్పలేదు. ఆదివారాలూ, పండుగలూ వచ్చినా సరే, స్నానం చేసి దేవుడికి దీపం పెట్టి, వచ్చి చూసి పోయేది. చదివింది ఐదో తరగతి. అంకెలు మాత్రం ముత్యాల్లా ఉంటాయి.

ఆమెకు ఆ అలవాటు ఎలా వచ్చిందో ఒకసారి తనే చెప్పింది. పుట్టిల్లు తిరుమలగిరి దగ్గర. గొర్రెల మీద బతికిన ఇల్లు. తండ్రి అచ్చయ్యకు నూటికి పైగా జీవాలు ఉండేవి. ఒక ఎండాకాలం పశువుల దవాఖానలో టీకా మందిచ్చి, ఐసులోనే ఉంచమని, ఆ పూటే వేయమని చెప్పారట. ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది. ఫ్లాస్కులో ఐసు కరిగిపోయింది. అచ్చయ్య తనకు తెలిసిన చల్లని చోటు చూశాడు. తడిగుడ్డ చుట్టి ఇసుకలో పెట్టిన తాగునీళ్ల కుండ. మందు సీసాను దారం కట్టి అందులోకి దించాడు. తెల్లారి గొర్రెలన్నిటికీ వేయించాడు. నెల తిరగకుండా రోగం వచ్చి మందలో సగానికి పైగా పోయాయి.

"మా నాయిన మంచిగనే అనుకున్నడు సార్. కుండల నీళ్లు సల్లగనే ఉన్నయి గద అన్నడు. మాకు సల్లన అంటె గదే. మందుకు గా సల్లన సాలదని ఆయనకెవరు జెప్పిన్రు?" అంది. "జీవాలు పోయినయని ఏడ్వలే మా నాయిన. నా చేత్తోనె పోగొట్టిన్నని ఏడ్చిండు."

అందుకే ఫ్రీజర్ మీద ఆ అరచేయి. అది చూసి నవ్వడం ఆ రోజుతో మానేశాను.

రెండేళ్ల కిందట మా కాలేజీలో పాఠాలు చెప్పే సింధు మేడం పీహెచ్‌డీ పని చివరి దశకు వచ్చింది. కోదాడ అమ్మాయే. మెత్తని మనిషి. మన పొలాల గట్ల మీద పెరిగే గలిజేరు ఆకు సారం కణాల శక్తి మీద ఏమైనా పని చేస్తుందా అన్నది ఆమె ప్రశ్న. దానికోసం ఒక ప్రోటీన్ కావలసి వచ్చింది. చీటీ మీద 'రీకాంబినెంట్ మౌస్' అని ఉంటుందట. అంటే ఎలుక ప్రోటీన్.

గోపమ్మ ఆ మాట వినగానే చేతిలో కడుగుతున్న గాజు గ్లాసు పక్కన పెట్టింది. "ఎలుకలను సంపి తీస్తరా మేడం? ఇనాయకుని వాహనమాయె. నేను ముట్టుకోవాల్నా దాన్ని?"

సింధు మేడం నవ్వలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"ఒక్క ఎలుక కూడా చావదక్కా. పాలు తోడు పెడతావు కదా, పెరుగు ఎవరు చేస్తారు?"

"పాలే అయితయి పెరుగు."

"పాలలో వేసిన తోడులో కంటికి కనబడని జీవులుంటాయి. అవి చేస్తాయి. ఇదీ అంతే. ఎలుక ఒంట్లో ఆ ప్రోటీన్ ఎలా తయారవ్వాలో ఒక రాత ఉంటుంది. ఆ రాతను ఇంకో రకం సూక్ష్మజీవికి ఇచ్చి, నువ్వు చేసిపెట్టు అంటారు. అది చేస్తుంది. వంటకం ఎలుకది, వండేది ఇంకొకరు."

"మరి మనిషిదే తేవచ్చు గద?"

"నా దగ్గరున్న కణాలు ఎలుకవి. వాటికి వాటి ఇంటి వంటే పెట్టాలి."

గోపమ్మ తల ఊపింది. "గది జేసే పనేంది?"

ఆమెకు అర్థమయ్యేలా సింధు మేడం చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది. ఒంట్లో ప్రతి కణమూ ఒక సంసారమట. అందులో శక్తి అడుగంటుతున్నదని ముందుగా పసిగట్టి, ఖర్చు తగ్గించండి, దాచినది బయటికి తీయండి అని మిగతావాళ్లకు చెప్పే ప్రోటీన్ ఇదట.

"ఓ, బియ్యం డబ్బా మీద కొట్టి సప్పుడు సూసే ఇల్లాలన్నట్టు" అంది గోపమ్మ.

ఆ తర్వాత క్లాసులో పిల్లలకు కూడా మేడం ఆ మాటే చెప్పింది. గోపమ్మక్క చెప్పిందని పేరు కూడా చెప్పింది.

ఆ ప్రోటీన్ ఆర్డరు పెట్టిన మూడు నెలలకు హైదరాబాదు చేరింది. ఒకే ఒక్క చిన్న గొట్టం, చిటికెన వేలిలో సగం. మార్చి నెలాఖరుకు మేడం తన పరిశోధన అప్పజెప్పాలి. గడువు అప్పటికే ఒకసారి పెంచారు, ఇంక పెంచరు. ఈ గొట్టం పాడైతే మరొకటి వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. నాలుగేళ్ల పని ఆగిపోతుంది. ఆ సంగతి గోపమ్మకూ తెలుసు.

పెట్టె శనివారం రావాలి. రాలేదు. సోమవారం తెల్లవారుజామున హైదరాబాదులో బయల్దేరుతుందని కబురొచ్చింది. ఆ సోమవారం పెద్దగట్టు జాతర.

సూర్యాపేట పక్కన దురాజుపల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకొకసారి వస్తుంది. గొర్లకాపరుల ఇళ్లలో అంతకు మించిన పండుగ లేదు. గోపమ్మ ఆదివారమే ఇంటివాళ్లతో వెళ్లింది. వెళ్లే ముందు ఫ్రీజరు చూసి, అంకె రాసి, రెండు రోజులు నన్ను చూడమని చెప్పి మరీ వెళ్లింది. సోమవారం తెల్లవారి తలస్నానం చేసి, పచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా, గంపలో బోనం సర్ది, గుడి చుట్టూ తిరిగే వరుసలో నిలబడింది. భేరీలు మోగుతున్నాయి. ఓ లింగా, ఓ లింగా అని గుట్టంతా ఒకటే కేక. గంప నెత్తికెత్తుకోబోతుంటే ఫోను మోగింది.

పార్సిల్ పెట్టె మీద ఎప్పుడూ గోపమ్మ నంబరే రాయిస్తారు. ఎవరు ఎక్కడున్నా ఆమె ఫోను ఎత్తుతుందని.

"అమ్మా, నేను పార్సిల్ బండి సునీల్‌ని. జాతరకు హైవే బంద్ జేసి మమ్ముల మిర్యాలగూడ దిక్కు మళ్లించిన్రు. గీడికొచ్చినంక బండి ఖరాబైంది. మెకానిక్ రేపంటున్నడు. మీ డబ్బాల పొగలొచ్చే ఐసు తగ్గుతున్నది. అర్జంటని రాసుంది గద, అందుకే జేసిన. ఏం జెయ్యాలె?"

గోపమ్మ గంప వైపు చూసింది. గుట్ట మీద గుడి వైపు చూసింది. పక్కనే ఆడబిడ్డ సైదమ్మ నిలబడి ఉంది.

"సైదమ్మా, గీ గంప నువ్వు ఎత్తుకో. నేను మిర్యాలగూడ పోయి రావాలె."

"ఏమాయె? ఎవరికన్న బాగలేదా?"

"కాలేజీ సామాను. ఎలుక ప్రోటీను."

సైదమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "సాలు తియ్యి వదినా! రెండేండ్లకొకసారి వచ్చే లింగమంతుల కంటె నీకు ఎలుక ఎక్కువైందా? సామి సూస్తున్నడు, జర బయపడు."

"సూడనియ్యి. సామి గూడ గొర్లు గాసినోళ్ల దేవుడే. మంద ఆగమైతుంటె కాపరి గుడి కాడ నిలవడ్డదంటె ఆయనకే కోపమొస్తది."

సైదమ్మ నడుం మీది చెయ్యి తీసింది. గంప అందుకుంది. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "నీ పేరు జెప్పే తిరుగుత పో! ఆ ఎలుకను మంచిగ సూసుకో!" అని అరిచింది. వరుసలో ఆడవాళ్లంతా నవ్వారట.

ఆటోలో సూర్యాపేట, అక్కణ్నుంచి బస్సులో మిర్యాలగూడ. గోపమ్మ చేరేసరికి మిట్ట మధ్యాహ్నం దాటింది. సునీల్ బస్టాండు పక్కన చెట్టు నీడలో పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ తగలకుండా తన చొక్కా తీసి దాని మీద కప్పాడు. బనీను మీద ఉన్న ఆ పిల్లవాణ్ని చూసి గోపమ్మ రెండు చేతులూ జోడించింది.

మూత తీసి చూస్తే పొగల ఐసు, అదే డ్రై ఐసు, బఠానీ గింజలంత మిగిలింది. గొట్టం ఇంకా గడ్డకట్టే ఉంది. కోదాడ చేరాలంటే హుజూర్‌నగర్ మీదుగా రెండు గంటలు. ఆ రోజు మళ్లించిన లారీలన్నీ ఆ దారినే. మూడు గంటలు పట్టినా పట్టవచ్చు.

ఎదురుగా కూల్‌డ్రింకుల కొట్టాయన బయటికొచ్చాడు. "మా ఫ్రిజ్జుల పెట్టమ్మా. కరెంటు బోయింది గని ఇంక సల్లగనే ఉంది. సాయంత్రం లైను బాగైతదట."

మంచి మాటే అన్నాడు. కానీ గోపమ్మకు తండ్రి కుండ కళ్ల ముందు కనబడింది.

"సల్లగుంటె సాలదయ్యా. గడ్డ గట్టి ఉండాలె. నీ మేలు మరువ."

ఐస్‌క్రీం దుకాణాలకు వెళ్లి చూసింది. కరెంటు లేక వాళ్లే తలలు పట్టుకున్నారు. తిరిగొస్తుంటే మలుపులో గంట వినబడింది. తోపుడు బండి, దాని మీద ఎర్రగుడ్డ చుట్టిన పెద్ద కొయ్య తొట్టి, పక్కన దొడ్డుప్పు సంచి. కుల్ఫీ జవహర్. ముప్పై ఏళ్లుగా ఆ బస్టాండు దగ్గరే అమ్ముతాడు. తొట్టిలో దంచిన ఐసు మీద ఉప్పు చల్లి, అందులో రేకు డబ్బాలు పాతిపెట్టి ఉన్నాయి. కరెంటు ఉన్నా లేకపోయినా అతని కుల్ఫీ రాయిలా ఉంటుంది.

గోపమ్మ అక్కడే నిలబడి సింధు మేడానికి ఫోను చేసింది. మేడం ప్రాక్టికల్ పరీక్షల్లో ఉంది. బయటి నుంచి పరీక్షాధికారి వచ్చాడు కనుక కదలడానికి లేదు. బస్సులో ఉండగానే గోపమ్మ సంగతి చెప్పి ఉంది కనుక, మొదటి రింగుకే ఫోను ఎత్తింది.

"ఎలా ఉందక్కా?"

"గడ్డనె ఉంది. గని ఐసు అయిపోవొచ్చింది. గీడ కరెంటు లేదు."

"మామూలు ఐసు పెడితే లాభం లేదక్కా. సున్నా దగ్గర ఆగిపోతుంది. మనకు మైనస్ ఇరవై..."

"ఉప్పేస్తె?"

"ఉప్పా?"

"మేడం, కుల్ఫీ బండి గాడ నిలవడ్డ. మూడు వంతుల ఐసుకు ఒక వంతు దొడ్డుప్పు ఏస్తున్నడు. గా రేకు డబ్బా ముట్టుకుంటె ఏలు అంటుకపోతున్నది. మన ఫ్రీజరు లోపలి గోడ గిట్లనే అంటుకుంటది. నాకు తెల్సు గద."

"అక్కా..." అంది సింధు మేడం. "వెయ్యి. ఉప్పు వేస్తే మైనస్ ఇరవై దగ్గరికి పోతుంది. నాకు తట్టనే లేదు చూడు. నీళ్లు మాత్రం గొట్టానికి తగలనివ్వకు."

ఇక జవహర్‌ను ఒప్పించాలి.

"అన్నా, నాకు ఐసు గావాలె, ఉప్పు గావాలె, నీళ్లు సొరని ఒక డబ్బా గావాలె."

"కుల్ఫీ తినమ్మా, ఐసెందుకు?" అన్నాడు జవహర్. ఆమె పెట్టె తెరిచి చూపించింది. "ఏముంది అండ్ల?"

"ఎలుకది."

"ఎలుకనా! నా కుల్ఫీ డబ్బాల ఎలుకనా! గిరాకీలు ఇన్నరంటె నా బండి మూసీల పడేస్తరు!"

"ఎలుక కాదన్నా, ఎలుక ఇంటి వంటకం. వండింది ఏరేటోళ్లు. పెరుగు తోడు తీరు." గోపమ్మ తనకు తెలిసినంత చెప్పింది. ఒంట్లో శక్తి తగ్గినప్పుడు మొదట పసిగట్టేది ఇదని, దీనిమీద ఒక ఆడపిల్ల నాలుగేళ్లుగా కష్టపడుతున్నదని, ఇది కరిగితే ఆ కష్టం కరిగినట్టేనని.

జవహర్ గడ్డం గోక్కున్నాడు. "తింటె బలమొస్తదా?"

"తినేది కాదు. సదువుకునేది."

"గట్లనా." అతను కొత్త రేకు డబ్బా ఒకటి తీసి, తుడిచి, గొట్టం పొట్లాన్ని అందులో పెట్టి, మూత బిగించి, రబ్బరు రెండు చుట్లు చుట్టాడు. తొట్టిలోంచి కుల్ఫీలు ఒక పక్కకు నెట్టి, ఐసు సగం తవ్వి గోపమ్మ పెట్టెలో పోశాడు. ఉప్పు గుప్పెడు చల్లి, మళ్లీ ఐసు, మళ్లీ ఉప్పు. నడుమ డబ్బా. తెల్లగా దట్టించాడు.

"అన్నా, నీ కుల్ఫీ కరిగిపోతది గద?"

"కరిగితె పిల్లగాండ్లకు తాపుత. పాలే గద, పాడైపోవు." అని ఒక కుల్ఫీ పుల్లకు గుచ్చి చాపాడు. "ఎండన బడి వచ్చినవు. తిను చెల్లె."

"సామికి మొక్కు తీరలేదన్నా. ఉపాసం."

జవహర్ చేయి వెనక్కి తీసుకున్నాడు. "అయితె నీది ఒకటి బాకీ నా దగ్గర. మొక్కు తీరినంక రా."

కోదాడ బస్సు కిక్కిరిసి ఉంది. పెట్టె చూసి కండక్టరు ముందు సీటులో చోటిప్పించాడు. ఎండ కిటికీలోంచి పెట్టె మీద పడుతుంటే, వెనక సీటు ముసలాయన అడక్కుండానే తన కండువా విప్పి కిటికీకి కట్టాడు. హుజూర్‌నగర్ దాటాక లారీల వరుసలో బస్సు ముప్పావుగంట ఆగింది. గోపమ్మ పెట్టె మీద అరచేయి ఆనించి కూర్చుంది. ఉదయాన ఫ్రీజర్ మీద పెట్టినట్టే.

సాయంత్రం ఐదున్నరకు కాలేజీ గేటు దగ్గర దిగింది. పరీక్ష అప్పుడే అయిపోయింది. సింధు మేడం పరుగెత్తుకొచ్చింది, నేనూ వెళ్లాను. ల్యాబులో పెట్టె తెరిచి, మేడం థర్మామీటరు ఐసులోకి గుచ్చింది. మేము ముగ్గురం అంకె మీదికి వంగి చూశాం. మైనస్ పద్దెనిమిది. రేకు డబ్బా తెరిస్తే లోపల పొట్లం పొడిగా ఉంది. గొట్టంలోది గడ్డ కట్టే ఉంది. మేడం దాన్ని ఫ్రీజరులో పెట్టి, మూత వేసి, అట్లాగే నిలబడిపోయింది. గోపమ్మ మాత్రం చేయి తుడుచుకుని, క్యాలెండరు కాగితం తీసి, ఆ రోజు తేదీ పక్కన నేను పొద్దున రాసిన అంకె సరిగా ఉందో లేదో చూసింది.

"సార్, మీ రెండు అంకె సున్న సుట్టినట్టుంది. జర మంచిగ రాయరాదు?" అంది.

ఆ మాటకు సింధు మేడం నవ్వుతూనే ఏడ్చేసింది.

జాతర గురువారం దాకా ఉంటుంది. బుధవారం గోపమ్మ మళ్లీ వెళ్లి, కొబ్బరికాయ కొట్టి, గుడి చుట్టూ ఒంటరిగా తిరిగి వచ్చింది. మొక్కు ఆలస్యమైందన్న బాధ ముఖంలో కనబడలేదు. "రద్దీ లేదు సార్. సామి తీరుబడిగ సూసిండు నన్ను" అంది.

ఆ వారంలోనే మేడం ఆ ప్రోటీన్‌ను పరీక్షించింది. ముందు ఏ ఆకు సారమూ కలపకుండా, అసలు దాని పని అది చేస్తున్నదా లేదా అని చూడాలట. గోపమ్మ గాజు సామాను కడుగుతున్నట్టు నటిస్తూ అక్కడే తిరిగింది. మధ్యాహ్నానికి కంప్యూటరు మీద గీత ఒకటి పైకి లేచింది. చీటీలో ఎంత చురుకు ఉంటుందని రాశారో, దాదాపు అంతే ఉందట.

"బతికే ఉందక్కా! పూర్తిగా!" అని మేడం అరిచింది. పిల్లలంతా ల్యాబులోకి వచ్చేశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. గోపమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ సిగ్గుపడింది గానీ, తల మాత్రం దించలేదు. ఆ రోజు ఆమె తన తండ్రి పేరు తలుచుకుందని నాకు తర్వాత చెప్పింది. "మా నాయినకు జెప్పాలనిపించింది సార్, ఈసారి కరగలేదని."

మార్చి నెలాఖరులో మేడం పుస్తకం పూర్తయింది. అప్పజెప్పే ముందు, సాయం చేసినవాళ్ల పేర్లు రాసే మొదటి పేజీ ఉంటుంది కదా, అది పట్టుకుని ల్యాబులోకి వచ్చింది. గైడు సారు పేరు కింద ఇంగ్లీషులో మూడు వరుసలు గోపమ్మ గురించే ఉన్నాయి. మేడం తెలుగులో అర్థం చెప్పింది. ఈమె లేకపోతే ఈ పని లేదు అని.

గోపమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. తన పేరు ఎక్కడుందో వేలితో చూపించమంది. చూసింది. చాలాసేపు చూసింది.

"మేడం, ఒక్కటడుగుత, ఏమనుకోవద్దు."

"అడగక్కా."

"నా పేరు పక్కన కుల్ఫీ జవహర్ పేరు గూడ రాయాలె. ఐసు ఆయనది, ఉప్పు ఆయనది, డబ్బా గూడ ఆయనదె. రాసి ఊకుంటె సాలదు. ఆయనకు సదువు రాదట. నువ్వొక్కపాలి మిర్యాలగూడ బస్టాండుకు పోయి, ఆయన బండి కాడ నిలవడి, పది మంది గిరాకీలు ఉన్నప్పుడె, అందరు ఇనేటట్టు గట్టిగ సదివి రావాలె బిడ్డా. పోతవా?"